అర, ముప్పావు, ఒకటి

2022 ఆగస్టు చివర్లో టి.బి. మందుల ఆఖరి మోతాదు మింగాను. కఫం పరీక్ష కాగితం చూసి డాక్టరు గారు "నయమైపోయిందమ్మా, ఇక మామూలుగా ఉండొచ్చు" అన్నారు. మామూలుగా ఉండడమంటే ఏమిటని ఆ రోజు నేను అడగలేదు. వినాయక చవితి మర్నాడు, సెప్టెంబరు ఒకటిన, గుంటూరులో నేను చరిత్ర చెప్పే కాలేజీకి తిరిగి వెళ్లాను. మా డిపార్ట్‌మెంటు రెండో అంతస్తులో ఉంటుంది. మొదటి మలుపు దగ్గరే గోడకి చెయ్యి ఆనించి నిలబడిపోయాను. పిల్లలు "గుడ్ మార్నింగ్ మేడమ్" అంటూ నన్ను దాటుకుని పరుగున ఎక్కిపోతున్నారు. ఆరు నెలలు ఎలా గడిచాయో వాళ్లకి తెలియదు. నా హాజరు పట్టీకి అసలే తెలియదు. ఆ రోజు నుంచి అందులో వరసగా పూర్తి హాజరే.

జబ్బు గురించి రాయడానికి నాకు మాటలు దొరుకుతాయి. 2021 అక్టోబరులో మొదలైన దగ్గుని అందరూ కరోనా మిగిల్చిన దగ్గే అన్నారు. నాలుగు నెలలు సిరప్పులు తాగాను, పదకొండు కిలోలు తగ్గాను. ఫిబ్రవరిలో జబ్బు పేరు తెలిసింది. ఇదంతా కథలా చెప్పొచ్చు. కానీ నయమయిందన్న తర్వాత గడిచిన ఏడాదిన్నర గురించి చెప్పాలంటే మాటలు తడుముకోవాల్సి వస్తోంది. అప్పుడు నేను రోగిని కాను, ఆరోగ్యవంతురాలినీ కాను. సెలవులు అయిపోయాయి. వారానికి పద్దెనిమిది క్లాసులు. ఇంటికొస్తే వంట. మధ్యాహ్నం మూడయ్యేసరికి గొంతులోంచి మాట బయటికొచ్చేది కాదు. "మందులు అయిపోయాయిగా, ఇంకా ఏమిటి?" అని ఇంట్లోనూ బయటా ఒకటే ప్రశ్న. ఆ 'ఇంకా' అన్నదానికి చరిత్రలో చోటుందా అని వెతకడం అప్పుడే మొదలుపెట్టాను.

వెతుకుతుంటే మొదట గుర్తొచ్చింది మా పెద్దమ్మ. పర్చూరు వైపు నల్లరేగడి నేలల్లో చిన్న రైతు కుటుంబం వాళ్లది. 1960ల మొదట్లో ఆమెని మదనపల్లె శానిటోరియానికి తీసుకెళ్లారు. దాన్ని మిషన్ సంస్థలు కలిసి 1915లో కట్టాయి. ఆ చోటుకి ఆరోగ్యవరం అని పేరు. డెన్మార్క్ నుంచి వచ్చిన ఫ్రిమోట్ మోలర్ అనే డాక్టరు దానికి మొదటి సూపరింటెండెంటు. పెద్దమ్మ అక్కడ గడిపిన నెలల గురించి ఎప్పుడూ ఇష్టంగానే చెప్పేది. "మంచం మీద పడుకుంటే ఎవరూ లేవమనలేదే!" అనేది ఆశ్చర్యంగా. పెళ్లయ్యాక పగటిపూట నడుం వాల్చిన రోజులు ఆమె జీవితంలో అవే. తిరిగొచ్చిన మర్నాడు తెల్లవారుజామున గేదెల పాలు పితికింది. పొలంలో కూలీలకి అన్నం వండింది. ఆమె తినే కంచం, తాగే గ్లాసు మాత్రం చాలా ఏళ్లు విడిగానే ఉంచారు. అందరి కంచాల్లోకీ అన్నం వండి పెట్టే చెయ్యి ఆమెదేనన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

శానిటోరియాల కాలంలో విశ్రాంతే మందు. కానీ ఆ విశ్రాంతి నుంచి పనిలోకి ఎలా రావాలన్నది కూడా కొందరు ఆలోచించారు. ఇంగ్లండులో ఫ్రిమ్లీ అనే చోట ఉన్న శానిటోరియంలో 1905 నుంచి మార్కస్ పాటర్సన్ అనే డాక్టరు రోగులకి పనిని మోతాదుల్లో ఇచ్చాడు. మొదట కొద్ది దూరం నడక. తర్వాత మట్టి నింపిన చిన్న గంప మోయడం. ఆ పైన చిన్న పార, పెద్ద పార, చివరికి గునపం. రోజూ జ్వరం చూసేవాళ్లు. జ్వరం పెరిగితే పని ఆపి మళ్లీ మంచం ఎక్కించేవాళ్లు. కూలిపని చేసుకునే మనిషి కోలుకున్నాక మళ్లీ కూలికే వెళ్లాలి కదా, కాబట్టి ఆ ఒంటిని దానికి సిద్ధం చేయాలన్నది అతని వాదన. 1918 నుంచి అక్కడే పాప్‌వర్త్ అనే చోట వారియర్ జోన్స్ మాజీ రోగుల కోసం ఒక గ్రామాన్నే నడిపాడు. కుటుంబంతో అక్కడే ఉండి, ఒంట్లో ఓపిక ఉన్నంత మేరకు పనిచేసి జీతం తీసుకోవచ్చు. ఈ పద్ధతుల్లో డబ్బున్నవాళ్లు లేనివాళ్లని క్రమశిక్షణలో పెట్టాలనుకునే ధోరణి ఉంది, కాదనను. అయినా ఒక విషయాన్ని వాళ్లు గుర్తించారు. జబ్బు తగ్గడం ఒకటి, పనికి సరిపోవడం మరొకటి. రెంటికీ మధ్య కొంత కాలం ఉంటుంది, ఆ కాలంలో మనిషికి తిండి ఎవరో ఒకరు పెట్టాలి.

మన ప్రాంతంలో ఆ మధ్యకాలాన్ని ఎవరు పట్టించుకున్నారు? 1883లో అమెరికా లూథరన్ మిషన్ తరఫున గుంటూరు వచ్చిన అన్నా కుగ్లర్, స్త్రీలకి వైద్యం చేసే ఆడ డాక్టరు కావాలని పట్టుబట్టి 1898లో స్త్రీలకీ పిల్లలకీ ఆసుపత్రి తెరిచింది. 1930లో ఇక్కడే చనిపోయింది. గుంటూరు ఆడవాళ్లకి జబ్బు చేస్తే పడుకోవడానికో మంచం దొరికింది. ఆ మంచం దిగి ఇంటికెళ్లాక ఏమిటన్నది ఏ ఆసుపత్రి చేతుల్లోనూ లేదు. ఒంగోలు ప్రాంతం నుంచి మద్రాసు వెళ్లి స్థిరపడిన డాక్టర్ కె.ఎన్.కేసరి 1928లో 'గృహలక్ష్మి' పత్రిక పెట్టాడు. మన తొలితరం రచయిత్రులు ఎందరికో అది వేదిక. ఆ పత్రికకి వెన్నుదన్ను ఆయన మందుల వ్యాపారం, అందులో స్త్రీల కోసం చేసిన 'లోధ్ర' పేరుమోసిన మందు. ఆడవాళ్ల నీరసానికి సీసాలో మందుంది. ఆ సీసా తాగే రోజుల్లో పొయ్యి దగ్గర ఎవరు నిలబడాలన్న ప్రశ్న మాత్రం మందుల ప్రపంచానికి బయటే ఉండిపోయింది.

చదువుకున్న స్త్రీవాదులుగా మనకి ఇక్కడ ఇంకో చిక్కుంది. విశ్రాంతి అనే మాట మీద మనకి అనుమానం నేర్పిన కథ షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ 1892లో ప్రచురించిన 'ది ఎల్లో వాల్‌పేపర్'. 1887లో డాక్టర్ వీర్ మిచెల్ ఆమెకి విశ్రాంతి చికిత్స చేశాడు. ఇంటిపట్టున ఉండు, కలం ముట్టుకోకు అన్నాడు. ఆమె పిచ్చి అంచు దాకా వెళ్లి, ఆ సలహాని తోసిరాజని మళ్లీ రాతపనిలోకి వెళ్లి బాగుపడింది. అప్పట్నుంచీ స్త్రీకి పనే విముక్తి, బలవంతపు విశ్రాంతే జైలు అని చెప్పుకుంటూ వచ్చాం. నేనూ క్లాసుల్లో అదే చెప్పాను. కాని మా పెద్దమ్మకి ఆ మంచం జైలు కాలేదు. గిల్మన్ తిరిగి వెళ్లింది తన పనిలోకి, తన పేరు మీద జరిగే పనిలోకి. పెద్దమ్మ తిరిగి వెళ్లింది ఎవరూ పని అనని పనిలోకి. ఆ పనికి సెలవు లేదు కాబట్టి 'తిరిగి వెళ్లడం' అన్న మాట కూడా దానికి అతకదు.

ఇక మందుల కాలం. 1940లలో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్ వచ్చాయి. 1956లో మద్రాసు చేట్‌పట్‌లో ఒక పరిశోధన మొదలైంది. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి కలిసి చేశాయి. నగరంలోని 193 మంది పేద రోగుల్లో కొందరిని శానిటోరియంలో, కొందరిని ఇంటి దగ్గరే ఉంచి ఒకే రకం మందులు ఏడాదిపాటు ఇచ్చారు. శానిటోరియంలో వాళ్లకి మంచి తిండి, విశ్రాంతి. ఇంటి దగ్గరి వాళ్లకి ఇరుకు గదులు, చాలీచాలని తిండి, పనీపాటా. 1959లో ఫలితాలు వచ్చాయి. రెండు గుంపుల్లోనూ జబ్బు దాదాపు ఒకేలా తగ్గింది. ఇంటి దగ్గర మందు వాడినవాళ్ల వల్ల కుటుంబంలో మిగతావాళ్లకి ఎక్కువగా అంటుకోవడమూ లేదు. ప్రపంచమంతటా శానిటోరియాలు మూతపడడానికి, ఇంటి వైద్యం స్థిరపడడానికి ఈ పరిశోధన పెద్ద కారణం. మన దేశంలో 1962లో మొదలైన జాతీయ క్షయ కార్యక్రమం నిలబడిందీ ఈ పునాది మీదే.

ఈ ఫలితాన్ని నేను తక్కువ చేయను. పిల్లల్ని వదిలి నెలల తరబడి ఎక్కడికో వెళ్లలేని ఆడవాళ్లకి ఇంటికొచ్చిన మందు ప్రాణదానమే. నేను బతికున్నదీ దాని వల్లే. అయితే ఆ పరిశోధన చెప్పింది ఒకటి, సమాజం విన్నది మరొకటి. 'క్రిమి చావడానికి విశ్రాంతి అవసరం లేదు' అని అది తేల్చింది. 'మనిషికి విశ్రాంతి అవసరం లేదు' అని మనం విన్నాం. శానిటోరియం గోడలతో పాటు గంప నుంచి పార దాకా ఉన్న ఆ మెట్లు కూడా కూలిపోయాయి. ఇప్పుడు కొలిచేది కఫం ఒక్కటే. కఫంలో క్రిమి లేకపోతే 'నయం' అనే గడిలో మన పేరు చేరుతుంది. క్షయ తగ్గాక కూడా మచ్చలుపడ్డ ఊపిరితిత్తులతో ఆయాసపడే మనుషుల గురించి మాట్లాడుకోవడానికే ఒక అంతర్జాతీయ సదస్సు జరిగిందంటే, అది 2019లో దక్షిణాఫ్రికాలోని స్టెల్లెన్‌బాష్‌లో. మద్రాసు ఫలితాలు వచ్చిన 60 ఏళ్లకి!

పోయిన మెట్లు నాకు మళ్లీ కనిపించింది పుస్తకాల్లో కాదు, ప్రత్తిపాడు దగ్గర ఒక ఊళ్లో మిరప కళ్లంలో. ఎక్స్‌రే గది ముందు వరసలో పరిచయమైన అక్క ఊరది. నాకంటే నాలుగైదేళ్లు పెద్దది. పత్తి తీతకీ మిరప కోతకీ వెళ్లే కూలీ. ఆమెది దళితవాడ, నాది రైతుల ఇల్లు. ఆసుపత్రి బల్ల మీద పక్కపక్కన కూర్చున్నాం కాబట్టి మాట్లాడుకున్నాం గాని, వాళ్ల ఊళ్లో అయితే నేను ఆమెకి కూలి లెక్కగట్టే ఇంటి మనిషిని. ఇది మరిచిపోయి 'మనమంతా స్త్రీలం' అనడం నాకు సుఖంగా ఉంటుంది, ఆమెకి ఉండదు. ఆమె మాత్రలు నాకంటే కొద్ది రోజుల తర్వాత అయిపోయాయి. "నయమైందన్నాడమ్మా డాక్టరు. ఒళ్లు మాత్రం ఇంకా మాట ఇనటంలా" అంది ఫోనులో.

2023 ఉగాది దాటాక చూడ్డానికి వెళ్లాను. ఆమె తన ముఠా పుస్తకం సంగతి మాటల్లో అలవోకగా చెప్పింది. పద్నాలుగు మంది ఆడవాళ్ల ముఠా. కోతని కిలోల లెక్కన మాట్లాడుకుంటారు. వచ్చిన డబ్బు సమానంగా పంచుకుంటారు. ముఠా పెద్ద కూతురు పదో తరగతి చదువుతోంది, రోజు వారీ లెక్క ఆ పిల్లే రాస్తుంది. రెండొందల పేజీల నోటు పుస్తకం. ఒక్కో పేజీలో నిలువుగా పేర్లు, అడ్డంగా తేదీలు. వచ్చినవాళ్లకి 1, రానివాళ్లకి సున్న.

అక్క పేరుకి ఎదురుగా పత్తి తీత నెలల్లో అన్నీ సున్నలే, ఒక్క రోజు తప్ప. ఆ రోజు ఒడి కట్టుకుని చేలో దిగి, రెండో సాలులో కళ్లు తిరిగి కూలబడిందట. సంక్రాంతి తర్వాత మిరప కోత మొదలయ్యాక గళ్లలో 'అర' అని కనిపించింది. అర, అర, అర, సున్న, అర. మాఘమాసమంతా అంతే. తర్వాత 'ముప్పావు'. ఉగాదికి కాస్త ముందు మొదటి '1'.

"అంటే సగం పని చేశావా అక్కా?" అన్నాను. ఆమె నవ్వింది. "సగమా? మొదట్లో పావు కూడా చెయ్యలా. ఈళ్లే రాశారు అర." కోసేవాళ్లకి మంచినీళ్లు అందించడంతో మొదలుపెట్టిందట. తర్వాత కళ్లంలో పట్టాల మీద కాయలు పరచడం, తిరగేయడం. ఎండిన కాయల్లోంచి తాలు ఏరడం, అది కూర్చుని చేసే పని. చివరికి పొద్దుటి పూట మాత్రం చేలో దిగి కోత. పక్క సాలు మనిషి తన సాలు ముగించుకుని వచ్చి ఈమె సాలులో చెయ్యేసేది. నీళ్ల బిందె, పట్టా, తాలు, చేను. పాటర్సన్ గంప, పార, గునపం అని రాసుకున్న మెట్లే ఇవి. ఈ ఆడవాళ్లకి అతని పేరు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఇక్కడ థర్మామీటరు లేదు. "మొహం చూస్తే తెలవదా?" అంది ముఠా పెద్ద.

దీన్ని అందమైన కథగా మార్చి ముగించాలని నాకు చాలా అనిపించింది. కానీ అలా చేస్తే అబద్ధం అవుతుంది. అంతకు ముందు ఏడు, 2021-22లో, నల్ల తామర పురుగు మిరప తోటల్ని తినేసి కోత పనే సరిగా లేదు. ఆ అప్పులు ముఠాలో అందరి నెత్తినా ఉన్నాయి. మూడో వారంలో ఒకామె అడిగేసిందట, "నా పిల్లల తిండి తీసి ఎన్నాళ్లు పెట్టాల?" అని. రెండు రోజులు అక్క పనికి వెళ్లలేదు. ఆ అడిగినామే వచ్చి తీసుకెళ్లింది. ఆమె అడగడంలో తప్పు లేదని అక్కే నాతో అంది. పద్నాలుగు మంది పేదరాళ్లు తమ కూలిలోంచి తీసి ఇచ్చినదే ఆ 'అర'. చేను యజమానికి దానివల్ల రూపాయి ఖర్చు లేదు, ప్రభుత్వానికీ లేదు. పైగా కూర్చుని చేసే తేలికపని అని ఇచ్చిన తాలు ఏరుడులో కాయల ఘాటూ దుమ్మూ ఎంత ఉంటాయో కళ్లం దగ్గర అరగంట నిలబడితే నాకే తెలిసింది. గాయపడ్డ ఊపిరితిత్తులకి దొరికిన తేలికపని అది! ముక్కుకి పైట కట్టుకుని రోజంతా దగ్గుతూ చేసింది. ఆ పల్లెలో అంతకంటే తేలికపని లేదు మరి.

చట్టంలో ఈ మధ్యకాలానికి చోటు లేదా అంటే, కొందరికి ఉంది. 1948 నాటి ఇ.ఎస్.ఐ. చట్టం కింద బీమా ఉన్న కార్మికులకి క్షయ వంటి దీర్ఘవ్యాధుల్లో వేతనంలో 80 శాతం దాకా, రెండేళ్ల వరకు ఇచ్చే ఏర్పాటు వచ్చింది. అది ఫ్యాక్టరీల వంటి సంస్థల్లో పనిచేసేవాళ్లకి. చేలో వంగి పత్తి తీసే మనిషి దాని పరిధిలోకి రాలేదు. 2018 ఏప్రిల్ నుంచి నిక్షయ్ పోషణ్ యోజన కింద రోగులకి నెలకి 500 రూపాయలు ఇస్తున్నారు, 2024 నవంబరు నుంచి అది 1000 అయింది. మాత్రలు మింగే నెలలకే అది. తిండి ఎంత ముఖ్యమో 2023లో వెలువడిన జార్ఖండ్ అధ్యయనం మళ్లీ చెప్పింది. రోగుల కుటుంబాలకి మంచి తిండి అందిస్తే ఇంట్లోవాళ్లకి టి.బి. రావడం 39 నుంచి 48 శాతం తగ్గింది. మొదట్లోనే బరువు పెరిగిన రోగుల్లో మరణాలు తగ్గాయి. తిండి మందే అని తెలిసింది. మాత్రలు ఆగిన రోజు ఆ మందు కూడా ఎందుకు ఆగాలో నాకు అర్థం కాదు. కోలుకునే నెలలకి కూలి కట్టివ్వాలని అడిగితే అది దయ అడగడం కాదు. ఇప్పుడు ఆ కూలి ఇస్తున్నది పద్నాలుగు మంది. ఇవ్వాల్సింది వాళ్లు కాదు.

మన చరిత్రని మనం రాసుకోవడం అంటే ఆడవాళ్ల నోటి మాటలు వినడమే అని 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకం వచ్చినప్పట్నుంచీ అనుకుంటున్నాం. ఆ పుస్తకం పోరాటంలో ఉన్న స్త్రీలని పలికించింది. కోలుకోవడం పోరాటంలా కనిపించదు. దానికి తేదీలుండవు, సభలుండవు. అందుకే అది మన నోటి చరిత్రల్లోంచి కూడా జారిపోతుందనుకుంటాను. నేనే పెద్దమ్మని మదనపల్లె గురించి ఎన్నోసార్లు అడిగాను. తిరిగొచ్చాక మొదటి ఏడాది గురించి ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు ఆమె లేదు.

నేను మాత్రం ఎలా నెట్టుకొచ్చాను? మూడో గంట క్లాసు ఇద్దరు సహోద్యోగులు వంతులవారీగా తీసుకునేవాళ్లు. నేను కుర్చీలో కూర్చుని పాఠం చెబుతుంటే ఒకమ్మాయి బోర్డు మీద రాసిపెట్టేది. కాలేజీకి తెలియకుండా నా చుట్టూ కూడా ఒక ముఠా ఉంది. దాని ఆనవాలు ఏ కాగితం మీదా లేదు. వందేళ్ల తర్వాత ఎవరైనా నా హాజరు పట్టీ తీస్తే 2022 సెప్టెంబరు ఒకటి నాటికి ఈవిడ పూర్తిగా కోలుకుందనే రాస్తారు. చరిత్ర పాఠాలు చెప్పేదాన్ని, నేనైనా అలాగే రాసేదాన్ని.

ముఠా పుస్తకాన్ని ఫొటోలు తీసుకోవచ్చా అని అడిగాను. "ఎందుకమ్మా, కూలి లెక్కలేగా" అంది ముఠా పెద్ద. అక్కే ఒప్పించింది, పేర్లు బయటికి రాకూడదన్న షరతుతో. ఇంటికొచ్చాక పేజీలు పెద్దవి చేసుకుని చూశాను. ఆ పదో తరగతి పిల్ల దస్తూరి గుండ్రంగా ఉంది. మొదటి '1' పడ్డ గడిని కాస్త లావుగా దిద్దింది, సంతోషంతోనేమో. దాని పక్క రెండు గళ్లలో సున్నలున్నాయి. ఆ మర్నాడు మళ్లీ 'అర'.